సర్వే డేటా, 6వ పాఠం: ఒకే నంబరు, రెండు పాయింట్లు

పోయిన పాఠంలో రెండు సర్వే పార్టీలు (ఫీల్డు బృందాలు) ఇచ్చిన పాయింట్ల ఫైళ్ళు రెండిటినీ సివిల్ 3డి డ్రాయింగు సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించాక చాలామందికి సరిగ్గా 1240 పాయింట్లు వచ్చాయి. ఆఖరి నంబరూ 1240 కావడంతో పని అయిపోయిందనుకున్నారు. లెక్క కట్టి చూడండి. మొదటి పార్టీ నంబర్లు 1–1240, కానీ మధ్యలో 200–210 లేవు. అంటే 1229 పాయింట్లు. రెండో పార్టీవి 1–386, మధ్యలో ఖాళీల్లేవు. 1, 2, 3 ఇద్దరూ వాడిన కంట్రోల్ రాళ్ళు (స్థానం ముందే తెలిసిన గుర్తు రాళ్ళు) కాబట్టి వాటిని ఒకసారే లెక్కేయాలి. మొత్తం 1612 ఉండాలి. తగ్గిన 372నీ మింగింది ఓవర్‌రైట్, అంటే ఒకే నంబరు మళ్ళీ వస్తే పాత పాయింటును చెరిపి కొత్తది పెట్టే ఆప్షన్. కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు) గట్టు దగ్గర పిచ్చిగా మెలికలు తిరిగింది అందుకే. సర్ఫేస్ (నేల నమూనా) సెట్టింగులతో కుస్తీ పట్టకండి, కొత్త డ్రాయింగులో మళ్ళీ మొదలుపెట్టండి. పాయింట్ గ్రూపులు వచ్చే పాఠానికి వాయిదా.

ఈ నంబరు ముందే ఉంది, ఏం చేయాలని అడిగే డూప్లికేట్ డైలాగు వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. ముందే ఎక్సెల్లో రెండు ఫైళ్ళనూ ఒకదాని కింద ఒకటి అతికించి, పక్క కాలమ్‌లో పార్టీ పేరు వేసి, నంబరు వారీగా సార్ట్ చేయండి. ఒకే నంబరున్న రెండు వరసల మధ్య దూరం కట్టండి: ఈస్టింగ్ (తూర్పు దిక్కు కొలత) తేడా వర్గం, నార్తింగ్ (ఉత్తర దిక్కు కొలత) తేడా వర్గం కూడి వర్గమూలం. కంట్రోల్ రాయి మీద 20 మిల్లీమీటర్ల లోపు వస్తే అదే రాయి అని నేను ఒప్పుకుంటాను. రెండో పార్టీ వరస తీసేయండి. సగటు మాత్రం వద్దు, మొదటి పార్టీ షాట్లన్నీ (తీసిన కొలతలన్నీ) పాత విలువ మీదే నిలబడి ఉన్నాయి. తేడా 4 మీటర్లు వస్తే అది నంబర్ల గొడవ కాదు. బ్యాక్‌సైట్ (దిక్కు కుదుర్చుకోవడానికి తెలిసిన రాయి మీదకు చూసే చూపు) వేరే రాయికి పట్టారు, లేదా కోఆర్డినేట్ తప్పు కొట్టారు. ఫైలు ఆపి పార్టీని అడగండి. తేడా లక్షల్లో ఉంటే ఈస్టింగ్, నార్తింగ్ తారుమారయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లో యూటీఎం (మీటర్లలో ఉండే మ్యాపు గ్రిడ్) ఈస్టింగ్ 6 అంకెలు, నార్తింగ్ 7 అంకెలు. చూడగానే తెలుస్తుంది.

మిగతా నంబర్లు, 4 నుంచి 386 దాకా, వేర్వేరు చోట్లవి. వాటికి ఆఫ్‌సెట్, అంటే ప్రతి నంబరుకూ ఒకే సంఖ్య, కలపాలి. ఇక్కడే అందరూ ఒకే గోతిలో పడుతున్నారు. డైలాగులో ఆఫ్‌సెట్ 2000 ఇచ్చి, అన్నిటికీ వర్తించేలా టిక్ పెట్టి, హమ్మయ్య అనుకుంటున్నారు. ఆ ‘అన్నిటికీ’ అంటే ఢీకొన్న నంబర్లన్నిటికీ అని, ఫైల్లో ఉన్నవన్నిటికీ అని కాదు. రెండో పార్టీ 199 వెళ్ళి 2199 అయింది, 211 వెళ్ళి 2211 అయింది. మొదటి ఫైల్లో 200–210 ఖాళీ కదా, రెండో పార్టీ 200–210 ఏ అడ్డూ లేకుండా పాత నంబర్లతోనే వచ్చి అక్కడ కూర్చున్నాయి. మొత్తం లెక్క సరిపోతుంది, హెచ్చరికా రాదు. రేపు 1–1240 అని మొదటి పార్టీకి గ్రూపు కడితే ఆ పదకొండూ అందులో చేరతాయి, 2001–2386 గ్రూపులో పదకొండు తగ్గుతాయి. అందుకని ఆఫ్‌సెట్‌ను డైలాగుకు వదలొద్దు. ఎక్సెల్లోనే రెండో ఫైలు నంబర్లన్నిటికీ 2000 కలిపి, వేరే పేరుతో సీఎస్‌వీగా దాచి, దాన్ని ఎక్కించండి. డైలాగు అసలు రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో పొరపాటుంది, క్యాన్సిల్ కొట్టండి.

డైలాగులోని ‘తర్వాతి నంబరు’ ఆప్షన్ (ఖాళీగా ఉన్న తర్వాతి నంబరు ఇచ్చేది) నాకు నచ్చదు. 57 కాస్తా ఇంకేదో నంబరు అయి కూర్చుంటే ఫీల్డ్ బుక్కులో దాన్ని ఎక్కడని వెతుకుతారు? 2057 అయితే 2000 తీసేస్తే చాలు.

మెర్జ్ (పాత, కొత్త వివరాలను కలిపే ఆప్షన్) ఒక్క సందర్భానికే: అదే పాయింటుకు లెవెల్ (ఎత్తు) గానీ కోడ్ (అది దేని పాయింటో చెప్పే గుర్తు) గానీ తర్వాత వచ్చినప్పుడు. కొత్త ఫైల్లో ఉన్నది పాతదాన్ని మారుస్తుంది, ఖాళీగా ఉన్నచోట పాతదే మిగులుతుంది.

అభ్యాసం: ఆఫ్‌సెట్ 2000 బదులు 1000 ఇస్తే, కంట్రోల్ వరసలు తీసేశాక, ఎన్ని నంబర్లు మళ్ళీ ఢీకొంటాయి? 237 రావాలి. ఆ తర్వాత, ఓవర్‌రైట్ అయిన ఆ 1240 పాయింట్ల డ్రాయింగు నుంచి సీఎస్‌వీ తీసి, రెండు అసలు ఫైళ్ళతో పోల్చి, పోయిన 372 నంబర్ల జాబితా తయారుచేయండి. కంట్రోల్ రాళ్ళు జాబితాలో కనబడితే మళ్ళీ చేయండి.