వైజాగ్‌లో ల్యాప్‌టాప్ కొనేసి సిడ్నీ ఫ్లైట్ ఎక్కేయకండి

డిసెంబర్‌లో సిడ్నీ స్కూళ్లకి పెద్ద సెలవులు కదా, ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్లింట్లో ఉన్నాం. జనవరిలో ఫ్యామిలీతో బయల్దేరేవాళ్లు ఎవరొచ్చినా అదే ప్రశ్న, పిల్లాడికి ల్యాప్‌టాప్ ఇక్కడ కొనేయాలా అక్కడ కొనాలా అని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాసేస్తున్నా.

అక్కడ చాలా హైస్కూళ్లలో బీవైఓడీ అంటారు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి. 2022 డిసెంబర్‌లో మన గవర్నమెంట్ స్కూళ్లలో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు పంచారు చూడండి, అలా చేతికివ్వరు. అలాగని ఏది పడితే అది పట్టుకెళ్తే కుదరదు, స్క్రీన్ సైజు, ర్యామ్, బ్యాటరీ ఎన్ని గంటలు, 5 గిగాహెర్ట్జ్ వైఫై, ఇలా స్కూలుకో లిస్టు ఉంటుంది. ఒకచోట ఐప్యాడ్ చాలంటారు, పక్క స్కూల్లో విండోస్ ఉండాల్సిందే అంటారు. గవర్నమెంట్ స్కూలేమో మీరు ఇల్లు తీసుకున్న ఏరియాని బట్టి వస్తుంది. మరి ఇల్లే కుదరకుండా ల్యాప్‌టాప్ కొనడమేటండీ?

మేం చేసిందదే. ద్వారకానగర్‌లో షాపతను "గేమింగ్‌ది తీసుకోండి సార్, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటే సరేనన్నా. దాని చార్జరే ఇటుకంత ఉంది, మా గుంటడు రోజూ అది మోసుకుంటూ ట్రైన్ ఎక్కేవాడు, తీరా లంచ్ టైమ్‌కి బ్యాటరీ అయిపోయేది, క్లాసులో చార్జింగ్ పెట్టుకోనిచ్చేవాళ్లు కాదు. మూడో నెలలో మూత దగ్గర విరిగింది, అడిగితే వారంటీ ఇండియాలోనే అన్నారు. చివరికి అక్కడే చిన్నది కొన్నాం. పెద్దదాన్ని బాగుచేయించి నాన్నగారికిచ్చా, సీరియల్స్ చూస్తున్నారు.

ఇంట్లో పాతది ఉంది కదా అనుకుంటే అందులో విండోస్ 10 ఉందేమో చూసుకోండి, 2025 అక్టోబర్‌తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం పైసా పెట్టొద్దు, అక్కడి గవర్నమెంట్ స్కూల్ లాగిన్‌తో మైక్రోసాఫ్ట్ ఆఫీస్, అడోబీ రెండూ ఫ్రీ. ప్లగ్గు పిన్నులే వేరు, కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి పిన్ను మార్చే అడాప్టర్ చాలు. పవర్‌బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి, చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

ఇంకో తమాషా, ల్యాప్‌టాప్ తెమ్మనే గవర్నమెంట్ హైస్కూళ్లలోనే 2023 అక్టోబర్ నుంచి స్కూల్ టైమ్‌లో ఫోన్ బ్యాన్. కాబట్టి కొత్త ఫోన్ కోసం మీవాడు గోల పెట్టినా కరగకండి.

ఒక ఫారమ్ మీద మీ చేత, పిల్లాడి చేత సంతకం పెట్టిస్తారు, ల్యాప్‌టాప్ పోయినా పగిలినా స్కూలుకి సంబంధం లేదని అందులో ఉంటుంది, చదివే పెట్టండి. వెళ్లిన కొత్తలో డబ్బులు టైట్‌గా ఉంటే స్కూల్ ఆఫీసులో ఆ మాటే చెప్పండి, చాలాచోట్ల స్కూలు ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాళ్లపాటు వాడుకోమని ఇస్తారు. మనవాళ్లకి అడగాలంటే నామోషీ, అక్కడ ఎవరూ అలా చూడరు.

ఈలోపు ఇక్కడే ఉండి చేయగలిగింది ఒకటుంది, టైపింగ్. మన పిల్లలు రన్నింగ్ నోట్స్ తెగ రాస్తారు గానీ కీబోర్డ్ ముందు కూర్చోబెడితే తెల్లమొహం వేస్తారు, మావాడైతే మొదటి టర్మంతా ఒక్క వేలితోనే కొట్టుకుంటూ కూర్చున్నాడు.