ఇంటిల్లిపాదీ కలిసి ఒళ్లు కదిలించాలంటే ఎలా మొదలుపెట్టాలి

"ఎప్పుడూ ఆ ఫోనేనా, వెళ్లి ఆడుకో" అని పిల్లల్ని కసిరి మనం మాత్రం సోఫాలోంచి లేవకపోతే వాళ్లు కదలరండీ, అదే మనం ముందు చెప్పులేసుకుని "పద, పోదాం" అంటే చాలాసార్లు వెనకాలే వచ్చేస్తారు. అందుకే మొదలవ్వాల్సింది పెద్దవాళ్ల దగ్గర్నించే అని నా గట్టి నమ్మకం.

ఎంత చెయ్యాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు, పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ ఉండాలని చెప్పారు. మోస్తరు అంటే మాట్లాడగలం కానీ పాట పాడలేం, అంత ఆయాసం రావాలి. 150 అంటే భయపడకండి, రోజుకి 22 నిమిషాలు కూడా పడదు, అదీ ఒకేసారి చెయ్యక్కర్లేదు, పొద్దున ఐదు నిమిషాలు చేసినా లెక్కలోకే వస్తుంది.

టైమ్ దొరకట్లేదు అనేవాళ్లు రాత్రి భోజనం అయ్యాక నడక పెట్టుకోండి, ఎలాగూ అందరూ ఇంట్లోనే ఉంటారు, పైగా తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని షుగర్‌ని వాడుకుంటాయి కాబట్టి అది మరీ పెరగకుండా ఉంటుంది. మొదటి వారం పది నిమిషాలు చాలు.

అసలు తంటా వేగం దగ్గర వస్తుంది, తాతయ్య మెల్లగా నడుస్తారు, చిన్నది పరిగెడుతుంది, మధ్యలో మనం. అందరూ ఒకే వేగంతో నడవాలని పట్టుబడితే నాలుగు రోజుల్లో మానేస్తారు. పెద్దాయన తన నడక తను నడుస్తారు, పిల్లలు ముందుకి పరిగెత్తి ఆయన దగ్గరకి తిరిగొచ్చి చెయ్యి తాకి మళ్లీ పరిగెడతారు, అమ్మానాన్నల్లో ఒకరు ఆయనతో, ఇంకొకరు పిల్లలతో, తర్వాత మారండి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద మాత్రం ఇది వద్దు, పార్కు గానీ డాబా గానీ చూసుకోండి.

వాన పడితే పాట పెట్టి డాన్స్, లేదా తాడాట. గెంతడం పిల్లల ఎముకలకి చాలా మంచిది, ఆ తాకిడికే ఎముక గట్టిపడుతుంది. 65 దాటినవాళ్లకి నడక ఒక్కటే సరిపోదు, పడిపోకుండా ఉండాలంటే కాళ్లలో బలం, బ్యాలెన్స్ కావాలి, వారానికి కనీసం మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం చేయించండి, లెక్కపెట్టే పని మనవలకి ఇవ్వండి, ఇద్దరికీ హుషారుగా ఉంటుంది.

ఏం ఆడాలో వారానికొకరు డిసైడ్ చెయ్యాలి, పిల్లల వంతు వచ్చినప్పుడు వాళ్లు దాగుడుమూతలన్నా సరే మీరు దాక్కోవాల్సిందే. తప్పు చేసినందుకు గుంజీలు తీయించడం, లావైపోతున్నావ్ అనడం దయచేసి వద్దు, ఒక్క మాటతో పిల్లలు జన్మంతా ఎక్సర్‌సైజ్‌ని అసహ్యించుకునే ప్రమాదం ఉంది.

గుండె జబ్బు, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి, మధ్యలో ఛాతీలో నొప్పి వచ్చినా కళ్లు తిరిగినా వెంటనే ఆపేసి సాయం పిలవాలి. ఒకరోజు కుదరకపోతే ఎవర్నీ దెప్పకండి, మర్నాడు మళ్లీ చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడండి చాలు.