ముందు నీళ్లు కొలవండి, తర్వాతే గదుల లెక్క

కొండ ఊళ్లో టూరిజం అనగానే అందరూ గదులు, బోర్డులు, ఫొటోల గురించే మాట్లాడతారు. నేను మాత్రం బకెట్, వాచీ పట్టుకుని ఊట దగ్గరికి వెళ్తాను. అదీ నీళ్లు బాగా తగ్గిపోయిన రోజుల్లో. వానాకాలం లెక్క నమ్మితే మునిగిపోతాం.

20 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే రోజుకు 43,200 లీటర్లు. అందులోంచి ముందు ఊరివాళ్లకు, పశువులకు, పొలాలకు తీసెయ్యండి. మిగిలినదాన్ని మనిషికి రోజుకు 150 లీటర్ల చొప్పున భాగిస్తే ఎంతమంది అతిథులను రానివ్వచ్చో తేలుతుంది. ఆ అంకె చూసి మొహం మాడ్చుకోని ఊరి టూరిజం కమిటీని నేనింతవరకు చూడలేదు. షవర్లు తీసేసి బకెట్లు పెడితే కాస్త పెరుగుతుంది.

మరుగుదొడ్డి గుంతలు ఊటకు ఎగువన వద్దు. ప్లాస్టిక్ వచ్చిన బండిలోనే కిందికి దిగాలి.

మీటింగులో నోరు విప్పని ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. వంట, పక్కలు, శుభ్రం చివరికి వాళ్ల మీదే పడతాయి. కోతల నెలల్లో బుకింగులు ఆపేయమని చెప్పేదీ వాళ్లే. ఆపేయండి. అతిథులను ఇళ్లకు వంతులవారీగా పంపండి. ఆ వంతుల కాగితం మొదటి అతిథి రాకముందే గోడకు అంటించాలి.