పనివాళ్ల కథలు చెప్పడం – 3వ పాఠం: మలుపు పనిలోంచే రావాలి

పోయిన పాఠంలో మీకు తెలిసిన పనివాడి కథ ఒకటి రాసి, పనిముట్ల పేర్లున్న వాక్యాల కింద గీత గీయమన్నాను. గీతలు రెండుకి మించలేదా? అయితే ఈ పాఠం మీకోసమే.

కర్ణాటకలోని బేలూరు గుడిని చెక్కాడని చెప్పుకునే శిల్పి జక్కన కథ తీసుకుందాం. బేలూరు చెన్నకేశవాలయం 1117లో హొయ్సళ విష్ణువర్ధనుడు కట్టించినది. జక్కన మాత్రం జనం నోట బతికినవాడు. విగ్రహం పూర్తి కావస్తుంటే ఎవరో కుర్రాడు వచ్చి రాయిలో దోషముందంటాడు. దోషం తేలితే కుడిచెయ్యి నరుక్కుంటానని జక్కన పంతం పడతాడు. ఇక్కడిదాకా అందరూ బాగానే చెబుతారు. ఆ తర్వాత "పరీక్షిస్తే కప్ప బయటపడింది" అని ఒక్క గెంతులో దాటేస్తారు. అసలు కథ ఆ గెంతు కిందే ఉండిపోయింది!

నెమ్మదిగా చెప్పండి. విగ్రహమంతా గంధం పూశారు. భుజాల మీద ఆరింది. ఛాతీ మీద ఆరింది. పాదాల దగ్గరా ఆరింది. బొడ్డు దగ్గర మాత్రం తడి అలాగే ఉంది. అక్కడ ఉలి ఆనించి కొడితే నీళ్లు, ఇసుక, వాటితోపాటు కప్ప. గంధం ఆరేంతసేపూ మీరూ ఆగాలి. తను ఓడిపోతున్నాడని జక్కన ఒప్పుకునేలోపే వినేవాళ్లకు తెలిసిపోవాలి. అహంకారం గురించి మీరు ఒక్క ముక్కా అనక్కర్లేదు.

ఆ కుర్రాడు డంకన జక్కన కొడుకేనన్న సంగతి చెయ్యి తెగాకే చెప్పండి. ముందే చెబితే అది తండ్రీకొడుకుల కథైపోయి, రాయి పక్కకు పోతుంది.

ఒడిశాలోని కోణార్క్ సూర్యదేవాలయం గురించి చెప్పే ధర్మపదుడి కథకు ఇక్కడే లోటు, పని కనబడదు. 1200 మంది శిల్పులు గుడి శిఖరం మీద నిలబెట్టలేని కలశాన్ని పన్నెండేళ్ల పిల్లాడు నిలబెట్టి, ఈ సంగతి తెలిస్తే రాజు వాళ్లను చంపిస్తాడని, వాళ్ల ప్రాణాలు దక్కాలని సముద్రంలో దూకాడంటారు. ఎలా నిలబెట్టాడు? నాకు చెప్పినవాళ్లెవరూ ఆ మాట ఎత్తలేదు. కన్నీళ్లొస్తాయి గానీ పిల్లాడి నేర్పు కంటికి కనబడదు.

పంచతంత్రంలో కోతి కథ చిన్నదే, కానీ గట్టిది. సగం కోసిన దూలం, చీలికలో దిగ్గొట్టిన మేకు, పని ఆపి భోజనానికి వెళ్లిన వడ్రంగులు. చీలిక మూసుకుపోకుండా మేకు కొట్టారని ముందే ఒక మాట వేయండి. చీలిక మధ్య కూర్చున్న కోతి మేకు పీకబోతూ దాని మీద చెయ్యి వేయగానే పిల్లలే "వద్దు వద్దు" అని అరుస్తారు.

అభ్యాసం: కుమ్మరో, కమ్మరో, నేతగాడో ఒకరి దగ్గర కూర్చుని, సరుకు మంచీచెడూ ఎలా పరీక్షిస్తారో ఒక్కటి తెలుసుకోండి. కుండను వేలితో కొట్టి మోత వింటారు చూడండి, అలాంటిది. కథ ఆ పరీక్ష దగ్గరే మలుపు తిరగాలి. పదిహేను వాక్యాలు చాలు, "నీతి" అన్న మాట రాకూడదు. ఓడినవాడి చేత ఏం మాట్లాడించాలో 4వ పాఠంలో.