శ్రమదినాల ఉపవాసం కంచం దగ్గరే ఆగిపోకుండా ఉండాలంటే

క్రైస్తవుల శ్రమదినాలు భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. తిండి మానడం చాలామందికి చేతనవుతుంది. పంతం మానడమే కష్టం.

మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద ఒకే ఒక్క పాపం రాసుకోండి. "మంచిగా మారాలి" అని రాస్తే లాభం లేదు. "కోడలితో మాటలు మానేశాను" అన్నంత సూటిగా ఉండాలి. కానుకను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమని బైబిల్లో మత్తయి 5:23-24 చెబుతోంది గనుక, మొదటి వారంలోనే వెళ్లి కలవండి. క్షమాపణ అడిగేటప్పుడు "కానీ నువ్వు కూడా" అనే మాట రానివ్వకండి, వచ్చిందా, గొడవ మళ్లీ మొదటికొస్తుంది. అన్యాయంగా తీసుకున్న డబ్బుంటే తిరిగి ఇచ్చేయండి. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు.

మానేసిన పూట ఖర్చు ఆ రోజే డబ్బాలో వేసి, వారం వారం ఆకలితో ఉన్నవాళ్లకు చేర్చండి. యెషయా 58:7 అడిగేది ఇదే. ఆ డబ్బు ఈస్టర్ బిర్యానీకి పోతే మీరు చేసింది ఉపవాసం కాదు, పొదుపు.

స్టేటస్‌లు పెట్టకండి. వంట చేసేవాళ్లకు మాత్రం ముందే చెప్పండి, అన్నం పాడవకుండా. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు తిండికి బదులు ఫోన్ మానవచ్చు.

సాయంత్రానికి ఆకలి వేసి పిల్లల మీద విసుక్కుంటారు. చాలా ఉపవాసాలు చెడేది అక్కడే. వెంటనే ఆగి, ఆ పిల్లవాడికే సారీ చెప్పి, శుద్ధ హృదయం ఇమ్మని దేవుణ్ణి అడిగే కీర్తన 51:10 చదవండి.

మారారో లేదో మీరే తేల్చుకోకండి, ఇంట్లోవాళ్లను అడగండి.