బాస్కెట్‌బాల్ జట్టులో ఖాళీ ఎక్కడుంది? బయటి ఆటగాణ్ణి తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

దసరా టోర్నీలు దగ్గర పడేసరికి శ్రీకాకుళంలో మా జట్టుకి ప్రతి ఏడూ ఒకటే గోల. స్కోర్ షీట్‌లో 12 పేర్లుంటాయి, సాయంత్రం కోర్టుకి వచ్చేది ఎనిమిది మంది. ఒకడికి విశాఖలో ఉద్యోగం, ఇంకొకడు చెన్నైలో, ఇద్దరు కానిస్టేబుల్ సెలక్షన్ కోసం పొద్దున్నే పరుగులు తీసి సాయంత్రానికి పడకేస్తారు. సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు వచ్చి, "అన్నా, ఆమదాలవలసలో ఆరడుగుల మూడంగుళాల కుర్రాడున్నాడంట, ఏ టీమూ లేదంట, తెచ్చీద్దామా?" అంటాడు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇలాంటివాళ్లనే ఫ్రీ ఏజెంట్లు అంటారు. ఒప్పందం అయిపోయి ఏ జట్టుకీ కట్టుబడి లేనివాళ్లన్నమాట. అక్కడ లెక్క కోట్ల డాలర్లలో, ఇక్కడ బస్సు ఛార్జీ, రెండు పూటలా భోజనం, మరీ ముచ్చటపడితే ఓ జత బూట్లు. ఎంపికలో చేసే తప్పు మాత్రం రెండు చోట్లా ఒకటే. నొప్పి ఎక్కడ కనిపిస్తే అక్కడే మందు రాస్తాం. మోకాలి నొప్పికి మూలం ఒక్కోసారి పాదంలో ఉంటుందని ఆటగాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అయినా జట్టు విషయానికొచ్చేసరికి మర్చిపోతాం.

అందుకని ఎవరి పేరూ ఎత్తకముందే రెండు మ్యాచ్‌లకి ఓ నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి. అవతలివాళ్లు బుట్టలో వేసిన ప్రతిసారీ కారణం ఒక్క మాటలో రాయండి: రీబౌండ్ (పడని షాట్ నుంచి తిరిగొచ్చే బంతి) పోయింది, బంతి పోగొట్టుకున్నాం, ఖాళీగా వదిలేశాం, ఫౌల్ చేశాం, వాడు మంచి షాట్ కొట్టాడు. చివరి రకానికి మందు లేదు, వదిలేయండి. మిగతా నాలుగింట్లో ఏది ఎక్కువుందో చూశాకే కింద చదవండి.

రీబౌండ్లన్నీ అవతలివాళ్లకే పోతున్నాయి

అందరూ చెప్పే కారణం: మనకి పొడుగువాడు లేడు. సగంసార్లు ఇది తప్పు.

షాట్ గాల్లోకి లేచిన క్షణంలో మన పెద్ద ఆటగాడు (రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు) ఎక్కడున్నాడో చూడండి. రింగ్ కింద తన మనిషిని వీపుతో ఆనుకుని నిలబడి, అయినా బంతి దక్కలేదంటే బలమో ఎత్తో తక్కువైంది. అప్పుడు మనిషిని తేవాల్సిందే. అలా కాకుండా అతను ఫ్రీ త్రో గీత దగ్గర ఇంకెవరినో ఆపుతూ కనిపించాడా? అయితే తప్పు అతనిది కాదు. ముందున్న గార్డుని (రింగ్‌కి దూరంగా, బయట ఆడేవాణ్ణి) దాటుకుని ఎవడో దూసుకొచ్చాడు, ఇతను సాయానికి వెళ్లాడు, ఇతను కాపలా కాయాల్సినవాడు రింగ్ కింద ఒంటరిగా మిగిలి బంతి అందుకున్నాడు. ఇక్కడ ఖాళీ గార్డు దగ్గర ఉంది, రీబౌండ్ దగ్గర కాదు.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. ఆ ఆమదాలవలస కుర్రాణ్ణి నిజంగానే తెచ్చాం. మంచి పిల్లాడు, చెయ్యెత్తితే నెట్ తగులుతుంది. మన గార్డులిద్దరూ గేటు తీసినట్టు దారి ఇచ్చేస్తుంటే పాపం ప్రతిసారీ అతనే అడ్డం పడ్డాడు. మూడో క్వార్టర్ సగంలోనే ఐదో ఫౌల్ పడి బెంచ్ మీద కూలబడ్డాడు. బస్సు ఛార్జీ పోయింది, మ్యాచ్ కూడా పోయింది.

నిజంగా ఎత్తూ ఒళ్లూ తక్కువైన జట్టు ఎలా సర్దుకుంటుందో చూడాలంటే ఎన్‌బీఏ జట్టు ఓక్లహోమా సిటీ థండర్ మంచి ఉదాహరణ. 2024 ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్‌లో డాలస్ చేతిలో ఓడిపోయారు. వాళ్ల పెద్ద ఆటగాడు చెట్ హోమ్‌గ్రెన్ పొడుగే గానీ సన్నటి మనిషి. లోపల తోపులాటకి ఇంకో ఒళ్లు కావాలి. ఆ వేసవిలో ఐజయా హార్టెన్‌స్టైన్‌ని మూడేళ్లకి 8.7 కోట్ల డాలర్లిచ్చి తెచ్చారు. అదే వేసవిలో అలెక్స్ కరూసో అనే గార్డుని కూడా ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, తెచ్చుకున్నారు, అతని పేరు వినిపించేదే డిఫెన్స్‌తో. లోపలా బయటా రెండు తలుపులూ మూశారన్నమాట. 2025లో ఛాంపియన్లయ్యారు. పొడుగువాడి గురించి మాట్లాడేవాళ్లు కరూసో సంగతి ఎందుకో వదిలేస్తారు.

మనలాంటివాళ్లకి పరిష్కారం: ఒక్కణ్ణే తేగలిగితే, అవతలివాళ్లు మన గార్డుల్ని దాటుకుని దూసుకురావడమే ఎక్కువగా కనిపించిందంటే గార్డునే తెండి. ఉన్న పెద్దవాడికి తన మనిషిని వదలకుండా ఉండే వీలు దొరుకుతుంది. రీబౌండ్లు వాటంతటవే కొన్ని తిరిగొస్తాయి.

మొదటి క్వార్టర్ మనది, రెండో క్వార్టర్‌లో అంతా కారిపోతుంది

బెంచ్ బలహీనం అని సరిపెట్టుకోకండి. బెంచ్‌లో ఎవరు లేరో తేల్చాలి. మా దగ్గర ప్రతిసారీ దొరికే జవాబు ఒక్కటే. పాయింట్ గార్డు ఒక్కడే, అతను నీళ్లు తాగడానికి కూర్చుంటే బంతి ముందుకి తీసుకెళ్లేవాడు ఉండడు. 8 సెకన్లలో కోర్టు మధ్య గీత దాటాలి. అవతలివాళ్లు ఒక్కసారి ప్రెస్ వేస్తే, అంటే కోర్టంతా మీద పడి అడ్డుకుంటే, మనవాళ్ల మొహాల్లో టెన్షన్ గ్యాలరీ దాకా కనిపిస్తుంది.

ఈ ఖాళీకి స్టార్ అక్కర్లేదు, ఖర్చు కూడా తక్కువే. పది పన్నెండు నిమిషాలు బంతి పోగొట్టకుండా ఆడగలిగినవాడు చాలు. మేం విజయనగరం నుంచి ఓ డిగ్రీ కుర్రాణ్ణి తెచ్చాం. నా భుజం దాకా వస్తాడు, అంతే. కానీ ఎడమ చేత్తో కూడా అంతే ధీమాగా డ్రిబుల్ చేస్తాడు. అతను ఆ టోర్నీ మొత్తం మీద పెద్దగా పాయింట్లేం వెయ్యలేదు. మేం మాత్రం రెండో క్వార్టర్‌లో మునగడం మానేశాం.

ఎన్‌బీఏ జట్టు డెన్వర్ 2022లో బ్రూస్ బ్రౌన్‌ని ఏడాదికి సుమారు 65 లక్షల డాలర్లకి తీసుకుంది. ఎన్‌బీఏ లెక్కల్లో అది చిన్న ఒప్పందమే. బెంచ్ నుంచి వచ్చి అవసరమైతే బంతి నడిపేవాడు, అవసరమైతే అవతలి గట్టి ఆటగాణ్ణి పట్టుకునేవాడు. 2023లో డెన్వర్ మొదటిసారి టైటిల్ గెలిచింది. ఆ వెంటనే ఇండియానా రెండేళ్లకి 4.5 కోట్ల డాలర్లు ఇస్తానంది, జీత పరిమితి (జట్టు మొత్తం జీతాలకి పెట్టిన హద్దు) నియమాల వల్ల డెన్వర్ అంత ఇవ్వలేకపోయింది, అతను వెళ్లిపోయాడు. చవగ్గా దొరికిన మంచివాడు మళ్లీ ఏడు చవగ్గా దొరకడు. మా విజయనగరం కుర్రాణ్ణి మరుసటి ఏడు వేరే జట్టు పట్టుకుపోయింది, నేనేం ఆశ్చర్యపోలేదు.

జోన్ వేస్తే మనకి ఊపిరాడటం లేదు

మన ఊళ్ల టోర్నీల్లో 2-3 జోన్ (మనిషిని కాకుండా చోటుని కాయడం, ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) వేయని జట్టు అరుదు. బయటి నుంచి కొట్టేవాడు లేడని తెలిస్తే ఐదుగురూ రింగ్ కింద గుడారం వేసుకు కూర్చుంటారు.

షూటర్‌ని తెచ్చే ముందు ఒకటి లెక్కపెట్టండి: మ్యాచ్‌లో మనవాళ్లకి ఖాళీ త్రీ పాయింటర్లు (ఎవరూ అడ్డం లేకుండా దూరపు గీత వెనక నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఎన్ని దొరికాయి? దొరికి పడలేదంటే షూటర్ కావాలి. అసలు దొరకనే లేదంటే బంతి మధ్యలోకి వెళ్లడం లేదు. ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందుకుని తిరిగి పాస్ ఇవ్వగలిగినవాడు కావాలి. అతను ఇప్పటికే మన బెంచ్‌లో ఉండొచ్చు.

షూటర్‌ని పరీక్షించే తీరు కూడా ముఖ్యమే. నిలబడి పదికి ఎనిమిది వేసేవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. అతన్ని కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు పరిగెత్తించి, ఆయాసపడుతుండగా కార్నర్ నుంచి వేయించండి. మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) త్రీ పాయింట్ గీత, 6.75 మీటర్లు, కార్నర్‌లో 6.60. ఆరుబయట కాంక్రీట్ కోర్టయితే సాయంత్రం గాలి వేళ వేయించండి. ఇండోర్‌లో ఆడి వచ్చినవాళ్ల బండారం అక్కడే బయటపడుతుంది.

ఎన్‌బీఏ షూటర్ రే అలెన్ 2012లో బోస్టన్ ఇస్తానన్న దానికంటే తక్కువ డబ్బుకి మయామీ వెళ్లాడు. 2013 ఫైనల్స్ ఆరో గేమ్‌లో 5.2 సెకన్లుండగా అతను కార్నర్ నుంచి వేసి స్కోరు సమం చేసిన త్రీ అందరికీ గుర్తే. అప్పటికి వయసు 37. ఆ వీడియో మళ్లీ చూసేటప్పుడు బంతిని వదిలేసి అతని కాళ్లు చూడండి. క్రిస్ బాష్ రీబౌండ్ అందుకోగానే ఇతను కిందికి చూడకుండా వెనక్కి అడుగులేసుకుంటూ గీత వెనక్కి చేరిపోయాడు. మీరు తేబోయే షూటర్‌లో వెతకాల్సింది ఆ కాళ్లు.

మంచి ఆటగాడే వచ్చాడు, జట్టు ఇంకా దిగజారింది

దీని మీద నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే.

కోర్టులో బంతి ఒకటే. నిమిషాలు కూడా లెక్కపెట్టినవే. 40 నిమిషాల మ్యాచ్, ఐదుగురు, మొత్తం 200 నిమిషాలు. ఎన్‌బీఏలో 48 నిమిషాలు కాబట్టి 240. కొత్తవాడు పాతిక నిమిషాలు ఆడితే ఆ పాతిక ఎవరి దగ్గర్నుంచి తీస్తున్నాం? కాగితం మీద 12 పేర్లూ రాసి ఎదురుగా నిమిషాలు వేయండి. కూడితే 200 రావాలి. చాలామంది ఈ పని చెయ్యరు, "వచ్చాక చూద్దాం" అంటారు. వచ్చాక చూసేది గొడవే.

ఒకసారి విశాఖ నుంచి బాగా పేరున్న సీనియర్‌ని తెచ్చాం. బంతి అతని చేతికి వెళ్లాక మనవాళ్లు నలుగురూ నిలబడి చూశారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లలాగ. అతను పాయింట్లు వేశాడు, మేం ఓడిపోయాం. మ్యాచ్ తర్వాత మా రెగ్యులర్ కుర్రాడు ఒకడు బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అన్నా, ఆడించకపోయినా పర్లేదు. ముందు ఓ మాట సెప్పుంటే బాగుండేది కదా." వాన పడిన సాయంత్రాలు కోర్టులో నీళ్లు తుడిచేది ఆ కుర్రాడే. నా దగ్గర జవాబు లేదు.

పరిష్కారం రెండు మాటలు, రెండూ మనిషి రాకముందే. ఎవరి నిమిషాలు తగ్గుతాయో అతనితో ముందు మాట్లాడాలి, నలుగురి ముందు కాదు, పక్కకి పిలిచి. రెండోది, వచ్చేవాడితో అతని పనేమిటో చెప్పాలి: "రెండో క్వార్టర్, నాలుగో క్వార్టర్ మొదటి సగం, వాళ్ల ఏడో నంబర్‌ని నువ్వు పట్టుకోవాలి." ఇది విని మొహం మాడ్చుకుంటే అక్కడితో ఆపేయండి. ఛార్జీ మిగులుతుంది.

చేతిలో డబ్బుంది, టైమ్ లేదు

2016లో కొత్త టీవీ ఒప్పందం డబ్బు వచ్చి ఎన్‌బీఏ జీత పరిమితి ఒక్క ఏడులో 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లు దాటింది. అన్ని జట్ల జేబులూ ఒకేసారి నిండాయి. న్యూయార్క్ నిక్స్ జోకిమ్ నోవాకి నాలుగేళ్లకి 7.2 కోట్లు రాసిచ్చింది. మొదటి సీజన్‌లో 46 మ్యాచ్‌లు, రెండో దాంట్లో 7. తర్వాత వదిలించుకున్నారు. అతను ఒకప్పుడు లీగ్‌లోనే ఉత్తమ డిఫెండర్, ఆ మాట నిజం. కొన్నది ఆ ఒకప్పటిని.

మనకీ ఆ వేసవి ఉంటుంది. ఊళ్లో ఎవరో పెద్దాయన టోర్నీకి వారం ముందు కొంత డబ్బిస్తాడు, ఎవరినో ఒకర్ని తేవాలనే దురద మొదలవుతుంది. అప్పుడు పాత ఫొటోలు, పాత కప్పులు చూసి పడిపోతాం.

ఎన్‌బీఏలో జనవరి 5 నుంచి పది రోజుల ఒప్పందాలకి వీలుంటుంది. చూసి నచ్చితే ఉంచుకుంటారు. మనం రెండు సాయంత్రాల ప్రాక్టీసు, ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ అడగొచ్చు. అందులో పాయింట్లు చూడకండి. తను బంతి పోగొట్టినప్పుడు వెనక్కి పరిగెత్తాడా, గెంతి దిగేటప్పుడు ఒక కాలిని కాచుకుంటున్నాడా, పాస్ తప్పితే ఎవరి మీద అరిచాడు, ఇవి చూడండి.

ఫ్రీ త్రోలు పడటం లేదు

దీనికెవర్నీ తేనక్కర్లేదు. ఫ్రీ త్రోలు వేయండి, రోజుకి వంద.

చివరి ఐదు నిమిషాల్లో కాళ్లు లాగేస్తున్నాయి

కానిస్టేబుల్ సెలక్షన్‌కి 1600 మీటర్లు పరిగెత్తే మా ఇద్దర్నీ బతిమాలి తెచ్చుకున్నాం. పరుగుందిగానీ ఆగడం లేదు, బాస్కెట్‌బాల్‌లో సగం ఆగడమే. అయినా అవతలి పాయింట్ గార్డు వెంట పడి ఎనిమిది నిమిషాలు విసిగించడానికి బ్రహ్మాండంగా పనికొచ్చారు.

అన్నీ కుదిరాయి, నిర్వాహకులు ఒప్పుకోలేదు

ఎంట్రీ ఫారం ముందు చదవండి. కొన్ని టోర్నీల్లో బయటివాళ్లు ఇద్దరికి మించకూడదు, కొన్నింట్లో ఫారంలో లేని పేరు తర్వాత చేర్చనివ్వరు. కుర్రాడు కాలేజీలో ఉంటే ముందు వాళ్ల పీడీ సార్‌ని అడగాలి. ఎన్‌బీఏలో రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అని ఒక రకం ఉంది, బయటి జట్టు ఎంత ఇస్తానన్నా అంతే ఇచ్చి పాత జట్టు అతన్ని అట్టేపెట్టుకోవచ్చు. మన దగ్గర పీడీ సార్‌కి ఆ హక్కు ఎవరూ రాసివ్వలేదు, కానీ ఉంది.

ఈ ఏడు మా ఫారంలో 11 పేర్లు రాశాను. ఎన్‌బీఏ జట్లు కూడా 15 మందికి వీలున్నా చాలాసార్లు 14 మందితోనే నడుపుతూ ఒక చోటు అట్టేపెట్టుకుంటాయి. మా పన్నెండో గీతకి ఇప్పటికే ముగ్గురి పేర్లు చెప్పారు. అందులో ఒకటి ఆమదాలవలస కుర్రాడిదే. గార్డులిప్పుడు కాస్త దారికొచ్చారు కాబట్టి అతన్ని పిలవాలనే ఉంది. చెన్నైలో ఉన్నవాడు మాత్రం "సెలవు దొరికితే వస్తాను అన్నా" అన్నాడు. ఫారం ఇవ్వడానికి శుక్రవారం దాకా టైముంది.