మా బ్యాచ్ చుక్కలు

మా కర్నూలు డిగ్రీ బ్యాచ్ ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడప వైపు చెల్లాచెదురు. ఎక్కడ కలవాలన్నది వాట్సాప్‌లో మూడు వారాలు నలిగింది. ఎవరి ఊరు వాళ్లకు ముద్దు కదా! అందరినీ మ్యాప్ మీద పెడదామని గూగుల్ ఫామ్ పంపి, వచ్చిన షీటును, సొంత మ్యాపులు తయారుచేసుకునే గూగుల్ సేవ అయిన మై మ్యాప్స్‌లోకి ఎక్కించాను. అయితే షీటులో కొత్త పేరు చేరినా మ్యాప్‌లో చేరదు. ప్రతిసారీ మళ్లీ ఎక్కించాలి. రెండు రోజులకే విసుగొచ్చింది.

దాంతో యాప్స్ స్క్రిప్ట్ రాశాను, అంటే గూగుల్ షీటు పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాం. ఎవరైనా ఫామ్ నింపగానే ట్రిగ్గర్ పనిచేసి, ఊరి పేరును, పేరు చెబితే మ్యాప్ మీద చోటు వెతికిపెట్టే జియోకోడర్‌కు ఇచ్చి, అక్షాంశం, రేఖాంశం పక్క గడుల్లో రాస్తుంది. లీఫ్‌లెట్ అనే, వెబ్‌పేజీలో మ్యాప్ చూపించే కోడ్‌తో చేసిన చిన్న పేజీ వాటిని చదివి చుక్కలు పెడుతుంది.

అసలు తలనొప్పి ‘కొత్తపల్లి’తో వచ్చింది. ఆ పేరుతో ఊళ్లు బోలెడు. మావాడి చుక్క పోయి తెలంగాణలో పడింది. “ఏమప్పా, నన్ను ఎప్పుడు పంపించేసినావు అక్కడికి?” అని ఫోన్! ఫామ్‌లో పిన్‌కోడ్ తప్పనిసరి చేసి, ఊరు, పిన్, ‘ఆంధ్రప్రదేశ్’ కలిపి పంపితే సర్దుకుంది. ఇంటి చిరునామా మాత్రం అడగలేదు, ఈ పనికి అది అనవసరం.

చుక్కలన్నిటికీ సగటు తీస్తే తాడిపత్రి దగ్గర పొలాల్లో తేలింది. లెక్క సరే, అక్కడికి బస్సేదీ? చివరికి గుత్తి ఖాయం చేశాం. జంక్షన్ కాబట్టి మూడు వైపుల నుంచీ రైలు మార్గముంది. అక్కడి కోట ఎక్కే ఓపిక ఎందరికుందో చూడాలి.